పాత కెమేరాకు క్రొత్త మెరుపు

పెండ్లి ముగిసిన మరునాడు పందిరిక్రింద బల్లలు వేయించి, పెద్దలను ముందు వరుసను కూర్చుండబెట్టి, తలపై నల్లగుడ్డ కప్పుకొన్న ఫొటోగ్రాఫరు “కదలకుడు, కన్ను ఆర్పకుడు” అని కేకవేసిన ముచ్చట మీలో పెక్కుమందికి జ్ఞప్తియందుండును. ఆ కేకను మన్నించినవారి ముఖములు నేటికిని గోడమీద స్పష్టముగా నిలిచియున్నవి. మన్నింపలేనివారు, అనగా చంటిబిడ్డలును, తల వణకు ముదుసళ్ళును, ఆ పటములందు పొగవంటి మసకలై పోయిరి. మా యింట నున్న యట్టి పటమొకదానిలో మా ముత్తవ్వకు చీర అంచున్నది, చేతి కడియములున్నవి, ముఖము మాత్రము లేదు. ఆమెకు వేరొక పటము లేదు.

నిరుడు వేసవిలో తిరువూరు ప్రాంతమునందలి మిత్రుని యింటికి పోయితిని. విజయవాడనుండి ఛత్తీసుగఢు పోవు పెద్దబాటమీద మామిడితోటల నడుమనున్న ఊరు తిరువూరు. 2022 ఏప్రిలు వరకు అది కృష్ణాజిల్లాలోనిది, అప్పటినుండి ఎన్.టి.ఆర్. జిల్లాలోనిది. మిత్రుని తండ్రిగారు ఆ చుట్టుప్రక్కల గ్రామములలో పెండ్లిండ్లకును, పుష్కరస్నానములకు బయలుదేరు కుటుంబములకును పటములు తీసినవారు. ఆయన కెమేరా అటకమీద గోనెసంచిలో నుండెను. దించి తుడిచి చూచితిమి. చెక్కపెట్టె, కొలిమితిత్తివలె ముడుతలు పడిన తోలుతిత్తి, వెనుక గరుకుటద్దము, ముందు ఇత్తడి అంచుగల కటకము. దానిలో 6½ అంగుళముల వెడల్పును 8½ అంగుళముల పొడవును గల గాజుపలక పట్టును. ఇట్టి కెమేరాలు మొదట ఇంగ్లండునుండి వచ్చెడివి. 1940ల నుండి కేరళమునందలి ఆలప్పుళలో “వాగీశ్వరి” అను పేర చెక్క కెమేరాలు తయారై దేశమున పలుచోట్ల అమ్ముడుపోయినవి. మిత్రుని పెట్టెమీద పేరు చెరిగిపోయినది, ఎచ్చటిదో చెప్పజాలను.

ఆయన తల్లిగారికి తొంబది యేండ్లు దాటినవి. తల నిరంతరము వణకుచుండును. “నాయనగారి పెట్టెతో అమ్మను ఒక్కసారి తీయవలెనండి, కాని ఆమె తల క్షణమైన ఆగదు” అని మిత్రుడనెను. చేతిఫోనుతో తీయరాదా యని మీరడుగవచ్చును. నేనును అడిగితిని. మనుమలు వందలకొలది తీసిరట. ఆ ఫోను కాలువలో పడినది. పటములన్నియు దానితో పోయినవి. తండ్రిగారు తీసిన గాజుపలకలో, తగరపు డబ్బాలో వార్తాపత్రిక చుట్టి పెట్టినవి పెట్టినట్లే యున్నవి. ఒకదానిని కిటికీకి ఎదురుగా పట్టి చూపెను. మామిడితోపులో నిలుచున్న పదునాలుగుగురు, ప్రతివాని చొక్కా గుండీతో సహా కనబడిరి.

ఇక చిక్కు ఎచ్చట నున్నదో చూతము. కటకముల నడుమ షట్టరు అను కవాటమున్నది. పలుచని ఉక్కురేకులు కొన్ని తామరమొగ్గవలె ముడుచుకొని వెలుతురును ఆపును. మీట నొక్కగానే అవి విచ్చుకొని, నిర్ణయించిన కాలము నిలిచి, మరల ముడుచుకొనును. దానిమీది చక్రమున 1, 2, 5, 10, 25, 50 అని అంకెలుండును. 25 అనగా ఇరువదియైదు సెకనులు కాదు. ఒక సెకనులో 25వ వంతు. మన మిత్రుని కెమేరాకున్నది కాంపర్ అను జర్మను షట్టరు. మ్యూనిచ్ నగరమునందు డెక్కెల్ సంస్థవారు 1912లో దానిని వెలువరించిరి. అంతకు పూర్వము వారు చేసిన కాంపౌండ్ అను షట్టరులో గాలిగొట్టమున కదలు ముషలము కాలమును కొలిచెడిది. కాంపర్‌లో ఆ పని గడియారమునందువలె పండ్లచక్రములు చేయును. ఒకటి నిట్టూర్పుతో, రెండవది టిక్కుమను శబ్దముతో కాలము చెప్పునన్నమాట.

పెద్ద కెమేరాలో ముక్కును చెవియు రెండును స్పష్టముగా పడవలెనన్న కటకపు రంధ్రమును చిన్నది చేయవలెను. రంధ్రము చిన్నదైనకొలది వెలుతురు తగ్గును. వెలుతురు తగ్గినకొలది కవాటము హెచ్చుకాలము తెరచియుండవలెను. వసారాలో కూర్చున్న మనిషికి ఒక సెకను, ఒకప్పుడు రెండు సెకనులు పట్టును. ఆ రెండు సెకనులలో ఆ తల్లి తల పదిమార్లు ఊగును. మా ముత్తవ్వకు జరిగినదియు నిదియే.

మెరుపుదీపము దీనికి మందు. నేటి ఎలెక్ట్రానిక్ ఫ్లాషు సెకనులో వేయవవంతు కాలమో, అంతకంటె తక్కువయో వెలిగి ఆరిపోవును. అంతలో వణకు తల ధాన్యపుగింజ మందమైనను జరుగదు. కనుక మనిషిని ఆపవలసిన పనిలేదు. వెలుతురునే క్షణికము చేసిన చాలును.

మెరుపు వెలుతురు క్రొత్తది కాదు. హైదరాబాదు ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుని కొలువున పేరొందిన లాలా దీన్ దయాళ్ (1844–1905) సికిందరాబాదున చిత్రశాల నడపిన కాలమున ఫొటోగ్రాఫర్లకు ముఖ్యాధారము పగటి వెలుతురే. 1887లో అడాల్ఫ్ మీథె, యొహానెస్ గేడికె అను ఇరువురు జర్మనులు మెగ్నీషియము పొడిని పొటాసియం క్లోరేటు మొదలగువానితో కలిపి మెరుపుమందు చేసిరి. పళ్ళెరములో పోసి అంటించినంత భగ్గున వెలిగెడిది. ఇది టపాకాయల మందునకు దాయాది. చేతులు కాలినవారును, కనుబొమలు పోగొట్టుకొన్నవారును దేశదేశములందు కలరు. 1929లో జర్మనీలోనే “వాకుబ్లిట్జ్” అను మెరుపుబుడ్డి వచ్చెను. గాజుబుడ్డిలో పలుచని అల్యూమినియము రేకును ప్రాణవాయువుతో నింపి విద్యుత్తుచేత వెలిగింతురు. ఒకమారు వెలిగిన బుడ్డి మరి పనికిరాదు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున హెరాల్డ్ ఎడ్జర్టన్ 1930ల ఆరంభమున వాయువు నింపిన గొట్టమునందు విద్యుత్తును ఒక్కసారిగా విడిచి మరల మరల వెలుగు దీపమును సాధించెను. నేటి ఫ్లాషుకు మూలమదియే.

మెరుపుమందు కాలమున ఫొటోగ్రాఫరు ఏమి చేసెడివాడనగా, గది చీకటిచేసి, కవాటమును తెరచి యుంచి, మందు అంటించి, మెరుపు ఆరిన పిదప కవాటము మూసెడివాడు. చీకటిలో కవాటమెంతసేపు తెరచియున్నను నష్టము లేదు. మెరిసినప్పుడు పడినదే బొమ్మ. నేటికిని ఇది చాల మంచి పద్ధతి. మీ యింట పాత కెమేరా యుండి, రాత్రివేళ పటము తీయ దలచినచో, క్రింద నేను చెప్పబోవు పనియేదియు చేయనక్కరలేదు. కటకమునకు షట్టరే లేక మూతమాత్రమున్న పెట్టెకును ఇది చెల్లును. మూత తీయుడు, ఫ్లాషును చేతితో వెలిగింపుడు, మూత పెట్టుడు.

కాని ఆ తల్లిని చీకటిగదిలో కూర్చుండబెట్టుట మిత్రునకు ఇష్టము లేకుండెను. ఆమెకు చూపు మందము; చీకటిలో బెదరును. ఆమె ప్రతిదినము కూర్చుండు వసారాలో, పగటిపూట తీయవలెను. అచ్చట కవాటమును ఒక సెకను తెరచియుంచినచో మెరుపు గీసిన స్పష్టమైన ముఖముమీద పగటివెలుతురు గీసిన మసక ముఖము వచ్చి కూర్చుండును. కనుక కవాటము సెకనులో 25వ వంతులో తెరచి మూయవలెను. ఆ కొద్దికాలములోనే, రేకులు పూర్తిగా విచ్చుకొనియున్న నడిమి క్షణమున, మెరుపు మెరయవలెను. మనిషి చేయి రెండింటిని అంత సరిగా కలుపజాలదు. ఒకే రోటిలో ఇద్దరు ఆడువారు రోకళ్ళు వేయుట చూచియున్నారుకదా! ఒకరి పోటు మరియొకరి పోటునకు లయ తప్పెనా, రోకలిమీద రోకలి పడును. అచ్చట లయ వారి చెవిలో నున్నది. ఇచ్చట ఆ లయను యంత్రమే చెప్పవలెను: షట్టరు తాను విచ్చుకొన్నపుడు తానే ఫ్లాషును పిలువవలెను.

రెండవ ప్రపంచయుద్ధము తరువాతి షట్టరులలో ఈ పిలుపు లోపలనే అమర్చబడెను. పాతవానికి లేదు. మరియొక భేదము తెలిసికొనవలెను. మెరుపుబుడ్డి విద్యుత్తు తగిలిన వెంటనే పూర్ణముగా వెలుగదు. పొయ్యి రాజుకొన్నట్లు సెకనులో వేయింట ఇరువది పాళ్ళు గడచిన పిదప మిక్కిలి ప్రకాశించును. అందుచేత బుడ్డికి పిలుపు ముందుగా పోయి, షట్టరు వెనుక తెరచుకొనవలెను. పూర్వము పత్రికల ఫొటోగ్రాఫర్లు సోలినాయిడు అను తీగచుట్ట అయస్కాంతమును షట్టరు ప్రక్కన బిగించెడివారు. గుండీ నొక్కగా విద్యుత్తు ఒకేమారు బుడ్డికిని తీగచుట్టకును పోవును. తీగచుట్ట మీటను లాగునంతలో బుడ్డి రాజుకొనును. ఎలెక్ట్రానిక్ ఫ్లాషుకు ఈ ఆలస్యము లేదు. రేకులు విచ్చుకొన్న తరువాతనే పిలువవలెను. క్రొత్త షట్టరులమీద బుడ్డికి ఎం అనియు, ఎలెక్ట్రానిక్ ఫ్లాషుకు ఎక్సు అనియు గురుతులుండును. ఎంకు తగిలించి ఎలెక్ట్రానిక్ ఫ్లాషు వెలిగించినచో మూసిన తలుపుమీద మెరసినట్లే. పలక నల్లగానో తెల్లగానో కాదు, వట్టిదిగా వచ్చును.

మేము చేసిన పని చెప్పెదను. కాంపర్ షట్టరులలో పాతరకమునకు, అనగా వేగపు అంకెలు ముందరి చిన్న చక్రముమీద నుండు రకమునకు, బయట ఒక మీట కలదు. దానిని ప్రక్కకు లాగి బిగింతుము. షట్టరు విడిచినపుడు ఆ మీట వెనుకకు పోవును. ఈ పోవుటయే మనకు ఆధారము. చక్రమును 1 సెకనుకు త్రిప్పి చూచినచో, రేకులు తెరచియున్న కాలమున మీట ఏ చోట సాగుచున్నదో కంటితోనే పట్టవచ్చును. ఆ చోట ఒక పలుచని కంచురేకును నిలిపి, దానినుండి ఒక తీగయు, షట్టరు దేహమునుండి మరియొక తీగయు ఫ్లాషుకు పోవునట్లు చేసితిమి. మీట రేకును తాకగానే వలయము పూర్తియై మెరుపు వచ్చును.

తిరువూరులో వడ్రంగి నొకని పిలిపించి, కటకము బిగియు చతురపు పలకవంటిదే టేకుతో ఇంకొకటి చేయించితిమి. పాతపలకను గుడ్డచుట్టి దాచితిమి. కంచురేకు పాత రిలేనుండి తీసినది. అది షట్టరు లోహమును తాకకుండ పాత స్విచ్చునుండి కోసిన బేకలైటు ముక్కమీద కూర్చి, రెండు చిన్న మరలతో క్రొత్తపలకకు బిగించితిమి. షట్టరుకు ఒక్క రంధ్రమైనను పొడువలేదు. ఇంతగా నేనెందుకు జాగ్రత్తపడితినని మీకు తోచవచ్చును. ఇట్టి షట్టరులను విప్పి, ప్రక్కను తొలిచి, లోపల స్పర్శ నమర్చు నేర్పరులు కలరు. వారి పని చక్కగానే యుండును. కాని నా చేయి అంతటిది కాదు. మిత్రుని తండ్రి చేతిలో ముప్పది యేండ్లు అరిగిన వస్తువును తొలిచి చెడగొట్టి, తరువాత క్షమింపుమని చెప్పుట నాకు చేతకాదు. బయటినుండి అమర్చినదైనచో, నచ్చనపుడు విప్పివేయవచ్చును.

షట్టరు దేహమునుండి తీగ తీయునపుడు ఒక పూట వృథా చేసితిని. దానిమీది నల్లరంగు విద్యుత్తును పోనీయదు. రంగు గీరుట ఇష్టములేక, కటకమును పలకకు బిగించు వెనుకటి మరచుట్టుక్రింద రాగితీగను చుట్టితిని. అచ్చట లోహము రంగులేక యున్నది.

అసలు అవమానము తరువాత జరిగినది. తల్లిగారిని వసారాలో కూర్చుండబెట్టి, అందరు చూచుచుండగా మీటను బిగించుటకు లాగితిని. మీట పోవునపుడే కాదు, వచ్చునపుడును రేకును తాకునని నేను ఆలోచింపలేదు! షట్టరు తెరువకముందే ఫ్లాషు భగ్గున మెరసినది. ముసలమ్మ ఉలికిపడి, “అయిపోయిందా నాయనా?” అని లేవబోయెను. పిల్లలు పగులబడి నవ్విరి. ఆ దినమునకు పని ఆపితిమి. మరునాడు తీగ మధ్య చిన్న స్విచ్చు నొకటి వేసితిమి: మీట బిగించిన తరువాతనే స్విచ్చు వేయవలెను. ఈ రకపు షట్టరులో కవాటమును చేతికొలది తెరచియుంచు పద్ధతికి త్రిప్పినపుడు మీట పనిచేయదు. కనుక మా అమరిక నిర్ణీత వేగములకు మాత్రమే పనికివచ్చును.

మన ప్రాంతమున మరి రెండు రకములు కనబడవచ్చును. ఇంగ్లండునందలి థార్న్‌టన్ పికార్డ్ వారిది కటకము ముందు తగిలించు పెట్టె. దానిలో నడుమ చతురపు కిటికీగల నల్లని గుడ్డతెర ఒక కర్రనుండి మరియొక కర్రకు చుట్టుకొనును. కిటికీ కటకమునకు ఎదురైన క్షణమున కర్ర ఎంత తిరిగియుండునో గుర్తించి అచ్చట స్పర్శ నిలుపవలెను. అమెరికావారి పాకార్డ్ షట్టరు రబ్బరుబుడగ నొక్కిన గాలిచే తెరచుకొనును. గాలిగొట్టములోని ముషలము కొసకు వచ్చునపుడు చిన్న స్విచ్చును నొక్కునట్లు చేయుట అన్నింటికంటె సులభము. ఆ సంస్థవారే స్పర్శతో కూడినవియు అమ్మిరి.

అమరిక సరిగా నున్నదో లేదో తెలిసికొనుటకు పలక వ్యర్థము చేయనక్కరలేదు. కెమేరా వెనుక గరుకుటద్దము తీసి, రంధ్రమును పూర్తిగా తెరచి, ముందు తెల్లని గోడకు ఫ్లాషును త్రిప్పి పెట్టుడు. కంటికి ఎదురుగా ఫ్లాషు నుంచరాదు. వెనుకనుండి కటకములోనికి చూచుచు షట్టరు విడువుడు. నిండు చందమామవలె గుండ్రని వెలుగు కనబడినచో స్పర్శ సరియైన చోటనున్నది. నక్షత్రమువలె కోణములు కనబడినచో రేకులు సగమే విచ్చుకొన్నవి. అది తొందరయా, ఆలస్యమా? కంచురేకును వెంట్రుకవాసి ఒక ప్రక్కకు జరిపి మరల చూడుడు. నక్షత్రము చిక్కినచో తప్పుదారి, బలిసినచో ఒప్పుదారి. మాకు పదునేడు మారులు పట్టినది.

ఒక హెచ్చరికను మాత్రము శ్రద్ధగా వినవలెను. పాత ఎలెక్ట్రానిక్ ఫ్లాషులలో కొన్నిటి తీగ కొసలయందు రెండువందల వోల్టులకు పైగా విద్యుత్తుండును. మన అమరికలో షట్టరు దేహమే ఒక తీగ, కంచురేకు రెండవది. వేగము త్రిప్పబోయిన వ్రేళ్ళు రెండింటిని తాకినచో చురుక్కుమనును. గుండెజబ్బుగలవారికి అది పరిహాసము కాదు. స్పర్శయు నిప్పురవ్వలచే కాలి గుంటపడును. మీటరుతో కొలిచి, కొద్ది వోల్టులే యున్నచో వాడవలెను. మేము అంతకంటె తేలికదారి పట్టితిమి: నేడు బజారున దొరకు రేడియో పిలుపుపెట్టెల జత నొకటి తెచ్చి, ఒకదానిని షట్టరుతీగకు, రెండవదానిని ఫ్లాషుకు తగిలించితిమి. షట్టరువైపు పెట్టెలో రెండు చిన్న బ్యాటరీల బలమే యుండును. ఇక ఫ్లాషును విప్పుట ఎవరును చేయరాదు. బ్యాటరీలు తీసిన తరువాతను దానిలోని కెపాసిటరు వందల వోల్టులను పట్టియుంచును.

షట్టరు రేకులు అంటుకొన్నవని నూనె పోయువారు కలరు. కుట్టుమిషనుకు మంచిది దీనికి విషము. నూనె రేకుల నడుమ ప్రాకి, ధూళిని పట్టి, వానిని మరింత అంటించును.

గాజుపలకలు నేడు సులభముగా దొరకవు. మేము ఆసుపత్రులవారి ఎక్సురే ఫిల్మును ఎఱ్ఱదీపము వెలుగున కొలతకు కత్తిరించి, తగరపు ఒరలో పెట్టి, పలకలపెట్టెలో అమర్చితిమి. అది ఎఱ్ఱరంగును చూడదు. అందుచేత కుంకుమబొట్టు నల్లగా పడును, ముడుతలు లోతుగా కనబడును. పాతపటములలోని ముఖములకు గల గాంభీర్యమునకు కొంత కారణమిదియే యని నా అభిప్రాయము.

మూడవనాటి ఉదయము తొమ్మిది గంటలకు తీసితిమి. వేగము 25వ వంతు. మీట బిగించితిని, స్విచ్చు వేసితిని, “అమ్మా, ఇటు చూడుడు” అని మిత్రుడనెను. ఆమె చూచెను, తల ఊగుచునే యుండెను. విడిచితిని. ఆ రాత్రి వంటయింటి తలుపులు మూసి, ఎఱ్ఱదీపముక్రింద ఫిల్మును మందునీళ్ళలో ఊపుచుండగా మొదట బొట్టు, తరువాత ముక్కుపుడక, తరువాత రెండు కన్నులు తేలివచ్చినవి. మిత్రుడు మాటాడలేదు, పళ్ళెరము అంచు పట్టుకొని నిలుచుండెను. ఫిల్ముక్రింద కాగితము పెట్టి అచ్చొత్తి ఆమె చేతికిచ్చితిమి. కన్నులకు దగ్గరగా పెట్టుకొని చాలసేపు చూచి, ముక్కుపుడక రాయి మార్పించవలెనని కోడలితో చెప్పెను.

పని ముగిసినదని కంచురేకును విప్పి పాతపలకను మరల బిగింపబోగా మిత్రుడు వలదనెను. నూజివీడునుండి ఆయన మేనత్త వచ్చునట, ఆమెకు ఎనుబదియెనిమిది. కెమేరా ఇప్పుడు అటకమీద లేదు, వసారాలో గోడవారగా దుప్పటి కప్పుకొని యున్నది.